ఆదివాసీ గాథను ఒపెరాగా మలిస్తే చెడిపోతుందా? క్రీ భాషలో వచ్చిన ‘పిమూతీవిన్’ నుంచి మనం నేర్చుకోదగినది

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. టొరంటోలోని మీ తెలుగు సంఘం వచ్చే ఏడాది ఒక సంగీత రూపకం వేయాలనుకుంటోంది. కెనడాలోని క్రీ ఆదివాసుల గాథతో వచ్చిన ‘పిమూతీవిన్’ అనే ఒపెరా (కథంతా పాటలోనే నడిచే సంగీత నాటకం) గురించి ఒక మిత్రుడు చెప్పగా, అదే పద్ధతిలో సమ్మక్క సారలమ్మల కథను చేద్దామని మీకు తోచింది. అయితే ఐరోపాలో పుట్టిన రూపంలో ఆదివాసీ గాథను పెడితే అది ఆదివాసీ కళగా మిగులుతుందా, కథ చెడిపోదా, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నవి మీ సందేహాలు.

ముందు సూటిగా సమాధానం చెబుతాను. రూపం వల్ల గాథ చెడదు. ఏ భాషలో పాడుతున్నారు, ‘ఇది వద్దు’ అని చెప్పే హక్కు ఎవరి చేతిలో ఉంది అన్న రెండు విషయాల మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఆ రెండూ తేలకముందు బాణీలు కట్టడం మొదలుపెడితే మాత్రం తప్పకుండా చెడుతుంది. మరొక మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను, నొచ్చుకోవద్దు: ‘పిమూతీవిన్’ మీకు ధైర్యం ఇచ్చి ఉండవచ్చు గానీ, సమ్మక్క కథకు అది సరైన పోలిక కాదు. కారణం వివరంగా కింద రాస్తాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తూ, సంగీత రూపకాలకు బాణీలు కడుతూ వచ్చినవాణ్ని. ఏజెన్సీ గ్రామాల కళాకారులతో కలిసి మూడు రూపకాలు చేశాను. వాటిలో ఒకటి బాగా వచ్చింది, ఒకటి పరవాలేదు, ఒకటి మధ్యలోనే ఆగిపోయింది. ఒపెరా గాయకుణ్ని కాను. కాబట్టి ఇక్కడ చెప్పేది బాణీలు కట్టేవాడి కోణం నుంచి చెబుతున్న మాట.

ముందు ఆ ఒపెరా సంగతి. ‘పిమూతీవిన్’ అంటే క్రీ భాషలో ప్రయాణం. పాఠం, అంటే అందులో పాడే మాటలు, రాసినది టామ్సన్ హైవే. ఆయన కెనడాలోని ఉత్తర మానిటోబాకు చెందిన క్రీ రచయిత, పియానో కచేరీలకు శిక్షణ పొంది తరువాత నాటకరంగానికి వచ్చినవాడు. సంగీతం కూర్చినది హాంకాంగ్‌లో పుట్టి కెనడాలో పెరిగిన మెలిస్సా హుయి. 2008లో టొరంటోలో సౌండ్‌స్ట్రీమ్స్ అనే సంగీత సంస్థ దీనిని మొదటిసారి ప్రదర్శించింది. క్రీ భాషలో వచ్చిన మొదటి ఒపెరాగా దీనికి పేరు. కథ చిన్నదే. మనుషులు చనిపోతూనే ఉన్నారన్న దిగులుతో వీసగీచాక్ అనే కొంటె పాత్ర, గద్ద కలిసి మృతుల లోకానికి బయలుదేరి, అక్కడి ఆత్మలను తిరిగి బతికున్నవాళ్ల మధ్యకు తీసుకురావాలని చూస్తారు. ఉత్తర అమెరికా పశ్చిమాన కొలంబియా నదీతీరపు ఆదివాసుల్లో ఇలాంటి గాథే కొయోట్ (నక్కను పోలిన జంతువు), గద్ద పేర్లతో ఉంది. ఒక కథనంలో ఆత్మలను పెట్టెలో పెట్టి తెస్తారు, ఇంకొక కథనంలో బుట్టలో పెట్టి తెస్తారు. దారిలో కొయోట్ ఓపిక పట్టలేక మూత తీస్తాడు. ఆత్మలన్నీ వెనక్కి పారిపోతాయి. అప్పటి నుంచి చావు శాశ్వతమైపోతుంది.

ఈ కథను ఒపెరా రూపంలోకి తేవడం కొత్త వింత అనుకోకండి, ఎందుకంటే ఒపెరా అనే రూపం పుట్టిందే ఇటువంటి కథతో. నేటికి సంగీతంతో సహా దొరుకుతున్న వాటిలో మొట్టమొదటిదైన యాకొపో పెరి ‘యూరిడిచే’ 1600లో ఫ్లోరెన్స్‌లో ఒక రాచపెళ్లి వేడుకల్లో ప్రదర్శించారు. అందులో ఆర్ఫియస్ చనిపోయిన భార్య కోసం పాతాళానికి వెళ్తాడు. అసలు గ్రీకు గాథలో అతను వెనక్కి తిరిగి చూసి ఆమెను మళ్లీ పోగొట్టుకుంటాడు. పెళ్లింట ఆ ముగింపు బాగుండదని పెరి ఒపెరాలో ఆమెను క్షేమంగా ఇంటికి చేర్చేశారు! 1607లో మాంటెవెర్ది అనే స్వరకర్త మళ్లీ అదే కథను ఎత్తుకున్నాడు. కాబట్టి గాథను సందర్భానికి తగినట్టు తిరగరాయడం ఈ రూపానికి పుట్టుకతో వచ్చిన అలవాటే. మన రంగస్థలానికి సావిత్రి కథ ఎంత ప్రీతిపాత్రమో మీకు తెలిసిందే. పద్యం బాగుందని జనం ‘వన్స్ మోర్’ అంటే, అంతకు ముందే చచ్చిపడిన పాత్ర లేచి నిలబడి మళ్లీ రాగం అందుకున్న రాత్రులను నేను హార్మోనియం వెనుక నుంచి చాలానే చూశాను. మృతులను వెనక్కి తెచ్చే విద్యలో మనవాళ్లు ఎవరికీ తీసిపోరు.

రూపం గురించి ఇంకొక్క మాట. ఒపెరా అంటే గొంతు చించుకుని పాడడం అని మన దగ్గర ఒక అభిప్రాయం ఉంది. అసలు సంగతి వేరు. కథ పాటలోనే నడవాలి, అదే దాని ప్రాణం. పద్యనాటకంలో కథ సంభాషణల్లో నడుస్తుంది. పద్యం రాగానే కథ ఆగి, భావం విప్పారుతుంది. యక్షగానంలో అలా కాదు. దరువులోనూ ద్విపదలోనూ కథ ముందుకు సాగుతూనే ఉంటుంది. అందువల్ల కందుకూరి రుద్రకవి ‘సుగ్రీవ విజయం’ నాటి నుంచీ మనకు ఉన్న యక్షగానం ఒపెరాకు చాలా దగ్గరి చుట్టం. మీరు మీ సభ్యులకు ‘ఒపెరా’ అని చెప్పి భయపెట్టే బదులు, మాటలు తక్కువగా, కథంతా పాటలోనే నడిచే యక్షగానం అని చెబితే సులువుగా అర్థమవుతుంది.

ఇక అసలు విషయమైన భాష దగ్గరకు వస్తాను. హైవే ఈ పాఠాన్ని క్రీలో రాయడం వెనుక అభిమానం ఒక్కటే లేదు. కథకు ఆ భాషతో పని ఉంది. క్రీ భాషలో ‘ఆయన’, ‘ఆమె’ అనే తేడా లేదు. ప్రాణం ఉన్నవి, లేనివి అన్న విభజనే తప్ప ఆడ, మగ అన్న విభజన వ్యాకరణంలో లేదు. అందువల్ల వీసగీచాక్ మగా కాదు, ఆడా కాదు; లేదా రెండూను. హైవే తన నాటకాలకు రాసుకున్న ముందుమాటల్లో ఈ సంగతిని ప్రత్యేకంగా చెప్పారు. ఇంగ్లీషులోకి తెచ్చేసరికి ఆ పాత్రకు ఏదో ఒక లింగం తగిలించక తప్పదు.

తెలుగులోకి తెస్తే మన చిక్కు మరో రకం. ‘కొంటెవాడు వచ్చాడు’ అంటే మగవాడైపోతాడు. ‘వచ్చింది’ అంటే వినేవాళ్లకు ఆడమనిషో జంతువో అర్థం కావడానికి ఆస్కారం ఉంది; మన భాష ఏకవచనంలో స్త్రీని, గద్దను, బల్లను ఒకే గాట కట్టేస్తుంది. ‘వచ్చారు’ అంటే లింగం మరుగుపడుతుంది గానీ, ఆ చిలిపి పాత్రకు లేనిపోని పెద్దరికం అంటుకుంటుంది. ఇక గద్ద, కొంటె పాత్ర కలిసి ‘వచ్చాయి’ అనాలా, ‘వచ్చారు’ అనాలా? పైన నేను ‘చూస్తారు’ అని రాశాను. ఆ ఒక్క క్రియతో ఇద్దరినీ మనుషుల్లో కలిపేశాను. ఇటువంటి చిన్న క్రియారూపం దగ్గరే కథ స్వభావం మారుతుందని తెలియని రచయిత చేతిలో గాథను పెట్టకూడదు. మీ కథ కోయలది కనుక, ముందుగా కోయ భాషలో దానిని చెప్పించుకుని వినండి, అర్థం కాకపోయినా సరే. తెలుగు వ్యాసాల్లో చదివిన కథతో మొదలుపెట్టకండి.

ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. మొదటి రూపకానికి నేను తెలుగులో పాట రాయించి, మోహనంలో బాణీ కట్టి, తరువాత ఒక కోయ ఉపాధ్యాయుడితో ఆ పాటను కోయలోకి మార్పించాను. అక్షరాలు లెక్కపెట్టి సరిగ్గా కూర్చోబెట్టామనే అనుకున్నాం. రిహార్సల్లో పాడుతుంటే ఆ ఊరి పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. సంగతి ఏమిటంటే, నా బాణీ పొట్టి అచ్చు ఉన్నచోట స్వరాన్ని సాగదీసింది. మన భాషలో ‘వడ’ను సాగదీస్తే ‘వాడ’, ‘కలి’ని సాగదీస్తే ‘కాలి’ ఎలా అవుతాయో, అక్కడా అలాగే ఒక గంభీరమైన వాక్యం మరేదో అయి కూర్చుంది. అదేమిటో వాళ్లు నాకు చివరిదాకా చెప్పలేదు. బాణీ మొత్తం పారేసి, ఆ ఉపాధ్యాయుడి చేత పాఠాన్ని మామూలుగా చదివించి, ఆయన మాట ఎక్కడ ఎత్తుతున్నాడో, ఎక్కడ దించుతున్నాడో, ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో గుర్తులు పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి కట్టాను. మాట ముందు, బాణీ తరువాత. ఈ వరుస తిరగబడితే ఎంత గొప్ప స్వరకర్త అయినా ఏమీ చేయలేడు.

శ్రుతి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ ఊరి గాయని ఒకటిన్నర శ్రుతికీ రెండు శ్రుతికీ మధ్య ఎక్కడో నిలబడి పాడేది. రోజూ అక్కడే, తేడా రాకుండా. నా హార్మోనియంలో ఆ స్వరానికి మెట్టు లేదు. ఆవిడను నా మెట్టు మీదికి లాగాలని రెండు రోజులు ప్రయత్నించాను, పాట చచ్చిపోయింది. మూడో రోజు హార్మోనియం మూసేసి, డోలు, ఒక తంబురా మాత్రం ఉంచి, తంబురాను ఆవిడ గొంతుకు సరిచేశాం. మీరు కీబోర్డుతో పని కానిచ్చేద్దామని అనుకుంటూ ఉంటే, ఈ చిక్కు మీకూ ఎదురవుతుంది.

ఇక అనుమతి. కెనడాలోనే జరిగిన ఒక ఉదాహరణ దీనికి బాగా సరిపోతుంది. 1967లో ఆ దేశపు శతవార్షికోత్సవాల కోసం హ్యారీ సోమర్స్ ‘లూయీ రియెల్’ అనే ఒపెరా కూర్చారు. ఆదివాసీ, ఐరోపా సంతతులు కలిసిన మెటీ ప్రజల నాయకుడు రియెల్ జీవితం దాని ఇతివృత్తం. అందులో రియెల్ భార్య తన బిడ్డకు పాడే ‘కుయాస్’ అనే పాట చాలా పేరు తెచ్చుకుంది. మాటలు క్రీ భాషవి. బాణీకి మూలం మాత్రం పశ్చిమ తీరపు నిస్గా ప్రజల శోకగీతం. 1927లో మారియస్ బార్బో, ఎర్నెస్ట్ మెక్‌మిలన్ నాస్ నది ప్రాంతానికి వెళ్లి సేకరించిన పాటల్లో అది ఒకటి. నిస్గా సంప్రదాయంలో అటువంటి పాటలకు హక్కుదారులు ఉంటారు. వాళ్లే, తగిన సందర్భంలోనే పాడాలి. అంటే ఒక జాతి చావుపాటను మరొక జాతి భాషలో జోలపాటగా మార్చి, యాభై ఏళ్ల పాటు కచేరీల్లో పాడారన్నమాట. దురుద్దేశం ఎవరికీ లేకపోవచ్చు. అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, అంతే. 2017లో ఆ ఒపెరాను మళ్లీ వేసినప్పుడు ఈ సంగతి బహిరంగ చర్చకు వచ్చింది. నిస్గా ప్రతినిధులతో సంప్రదింపులు జరిగాయి. ఆ తరువాత ఆ స్థానంలో పాడడానికి మెటీ స్వరకర్త ఇయన్ కుసన్ చేత కొత్త పాట కూర్పించారు. పాట ఎంత బాగున్నా తీసి పక్కన పెట్టవలసి రావచ్చు అన్నదానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

నా అనుభవం దీనికంటే చిన్నది, అయినా మరిచిపోలేనిది. మధ్యలో ఆగిపోయిందని చెప్పిన రూపకం అదే. ఒక బడి వరండాలో రిహార్సల్ జరుగుతోంది. అంతకు ముందు సంవత్సరం జాతరలో విన్న ఒక డోలు దెబ్బ నా చెవిలో మిగిలిపోయింది. పాత్ర ప్రవేశానికి అది వేస్తే రంగస్థలం దద్దరిల్లుతుందని నా ఆశ. నోటితో చెప్పి చూపించాను. డోలు కళాకారుడు విన్నాడు. పుల్లలు రెండూ నేల మీద పక్కపక్కన పెట్టి, కాసేపు బయటికి చూసి, “అది వేల్పును లేపే దెబ్బ అయ్యా. ఇక్కడ లేపితే, మళ్లీ పంపించే దెబ్బ ఎవరు కొడతారు?” అన్నాడు. కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. నిర్వాహకులు మాత్రం “ఉత్త నాటకమే కదా, కొట్టమనండి” అని పట్టుబట్టారు. మర్నాడు ఆ బృందం రాలేదు. వాళ్లు చేసిందే సరైనదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ఇప్పుడు మొదట్లో దాటవేసిన విషయం: ‘పిమూతీవిన్’ సమ్మక్క కథకు ఎందుకు సరైన పోలిక కాదు? వీసగీచాక్‌ పాత్రను తేలికగా చూడడం నా ఉద్దేశం కాదు. క్రైస్తవ గాథల్లో క్రీస్తుకు ఎంతటి స్థానమో, తమ గాథల్లో ఆ కొంటె పాత్రకు అంతటి స్థానం అని హైవే రాశారు. క్రీ ప్రజలు ‘ఆచిమోవిన్’ అనే మామూలు కబుర్లను, ‘ఆతయోహ్‌కేవిన్’ అనే పవిత్ర గాథలను వేర్వేరుగా చూస్తారు. వీసగీచాక్ గాథలు ఆ రెండో కోవలోవి, సంప్రదాయంగా చలికాలంలోనే చెప్పుకునేవి. అయినా ఆ పాత్ర స్వభావమే కొంటెతనం, తప్పులు చేయడం, నవ్వించడం, రూపు మార్చుకోవడం. కథకుడు కొత్తగా చెప్పడానికి అందులోనే చోటు ఉంది. పైగా చెప్పినవాడు క్రీ మనిషి, ఆ కథలు వింటూ పెరిగినవాడు.

సమ్మక్క అలాంటి పాత్ర కాదు. రెండేళ్లకు ఒకసారి మాఘ పౌర్ణమికి మేడారంలో కోయ పూజారులు చిలకలగుట్ట మీద నుంచి కుంకుమ భరిణె రూపంలో తెచ్చి గద్దె మీద నిలిపే తల్లి ఆమె. విగ్రహం లేదు. మొక్కుకున్నవాళ్లు తమ ఎత్తు బెల్లం తూచి, దానికి ‘బంగారం’ అని పేరు పెట్టి సమర్పిస్తారు. విగ్రహమే లేని వేల్పుకు మీరు రంగస్థలం మీద చీర కట్టి, కిరీటం పెట్టి, పాట పాడించబోతున్నారు. చేయకూడదని అనడం లేదు. బుర్రకథల్లోనూ సినిమాల్లోనూ చేసినవాళ్లు ఉన్నారు. కానీ మీరు అడిగినది ‘ఆదివాసీ కళగా మిగులుతుందా’ అని. ఆ ప్రశ్న ఆమెకు వేషం వేసే నటి దగ్గరే మొదలవుతుంది.

రెండో చిక్కు, కథను ఎవరు చెప్పిన తీరులో తీసుకోవాలి అన్నది. కాకతీయ ప్రతాపరుద్రుడు, కరువు, కట్టలేని కప్పం, పగిడిద్దరాజు, జంపన్న వాగు అంటూ మనం వినే కథ ఒకటి. కోయల్లో డోలి కళాకారులు పడిగె అనే బొమ్మల గుడ్డను విప్పి, డోలు వాయిస్తూ పాడే వంశగాథల్లో సంగతులు దానితో అన్నిచోట్లా కలవవు. ఆ పాట పాడేవాళ్లలో ఒకరైన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది; 2024లో ఆయన కన్నుమూశారు. ఒక్కొక్క గాయకుడితో పాటు ఎంత పోతుందో చెప్పనక్కర్లేదు. కోయల్లో గట్టుల (గోత్ర సమూహాల) వారీగా ఇలవేల్పులు, వాళ్ల కథలు వేరు. ఒక గట్టు వాళ్లు సరే అన్నంత మాత్రాన అందరూ అన్నట్టు కాదు. ఎవరినో ఒకరిని ఫోనులో అడిగి ‘అనుమతి తీసుకున్నాం’ అని కరపత్రంలో వేయడాన్ని నేను అనుమతి అనను.

అందుకని మీకు నా సలహా: మొదటి ప్రయత్నానికి వేల్పు కథ జోలికి పోకండి. పూజతో సంబంధం లేని, పిల్లలకూ చెప్పుకునే గాథ ఏదైనా మీకు ఇవ్వగలరా అని వాళ్లనే అడగండి. నక్షత్రాల కథలు అందుకు మంచివి. ‘పిమూతీవిన్’ను 2019లో టొరంటోలో ‘టూ ఒడిస్సీస్’ పేరుతో మళ్లీ వేసినప్పుడు, దానితో జతగా వేసిన ‘గాల్లాబార్త్‌నిత్’ ఉత్తర ఐరోపాలోని సామీ ప్రజల భాషలో ఉంది; రావ్నా కారిటా ఐరా పాఠం రాయగా స్వీడన్ స్వరకర్త బ్రిట్టా బ్యూస్ట్రెమ్ సంగీతం కూర్చారు. ఆ పేరుకు అర్థం గాల్లా కొడుకులు. సామీలు ఓరియన్ అనే నక్షత్రమండలపు చుక్కల్లో చూసుకునే వేటగాళ్లు వాళ్లు. అవే చుక్కల్లో మన గోండులు నాగలిని చూస్తారు. ఆకాశం ఒక్కటే అయినా ఒకరికి వేట, ఒకరికి సేద్యం. ఇటువంటి గాథతో మొదలుపెడితే ఎవరి గద్దెనూ కదపకుండానే మీరు కావలసినంత సంగీతం చేయవచ్చు.

పేరు ఎవరిది అన్నది కూడా ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. అమెరికాలోని యాంక్టన్ డకోటా ఆదివాసీ రచయిత్రి, వయొలిన్ విద్వాంసురాలు జిట్కాలా-షా, విలియం హాన్సన్ అనే సంగీత ఉపాధ్యాయుడితో కలిసి ‘సన్ డాన్స్ ఒపెరా’ చేశారు. 1913లో యూటా రాష్ట్రంలోని వెర్నల్ అనే ఊళ్లో దానిని మొదటిసారి ప్రదర్శించారు. యూట్ ఆదివాసులు అందులో పాల్గొన్నారు. ప్రభుత్వం సన్ డాన్స్ అనే ఆదివాసుల పవిత్ర నృత్య ఆచారాన్నే నిషేధించి ఉన్న రోజులవి. నిషేధం ఉన్న ఆచారానికి రంగస్థలం మీద చోటు సంపాదించారు కదా అని మెచ్చుకునేలోపే తరువాతి సంగతి కూడా తెలుసుకోవాలి. 1938లో న్యూయార్క్‌లో అదే ఒపెరాను వేసినప్పుడు స్వరకర్తగా హాన్సన్ పేరు ఒక్కటే కనిపించింది. ఆమె ఆ ఏడాది జనవరిలోనే చనిపోయారు.

దీనికి పూర్తిగా భిన్నమైన ఏర్పాటు 2023లో విన్నిపెగ్‌లో మానిటోబా ఒపెరా అనే సంస్థ వేసిన ‘లి కర్’ అనే ఒపెరాలో కనిపిస్తుంది. పాఠం రాసిన సుజాన్ స్టీల్ మెటీ కవయిత్రి. సంగీతంలో నీల్ వైజెన్సెల్‌తో పాటు మెటీ ఫిడేలు విద్వాంసుడు అలెక్స్ కస్టురాక్ పేరు కూడా స్వరకర్తగానే ఉంది. మన దగ్గరైతే ఆ ఫిడేలు ఆయన పేరు ‘జానపద వాద్య సహకారం’ కింద చివరి వరుసలో వచ్చేది. నేను కూడా ఒకప్పుడు అలాగే వేశాను, సిగ్గుతోనే ఒప్పుకుంటున్నాను. బాణీ వాళ్ల నోటి నుంచి వచ్చినప్పుడు, దానిని స్వరాల్లో రాసుకున్నంత మాత్రాన అది నాది కాదు.

పాడేవాళ్లు ఎవరు అన్నది మీరు అడగలేదు గానీ, అసలు పని అక్కడే ఆగుతుంది. ఆస్ట్రేలియాలో యోర్తా యోర్తా అనే ఆదివాసీ జాతి గాయని డెబొరా చీతమ్ 1939లో తన ప్రజలు కమ్మరగంజ నుంచి మూకుమ్మడిగా వెళ్లిపోయిన ఘటన మీద ‘పెకాన్ సమ్మర్’ రాసి, 2010లో ప్రదర్శించారు. అది గాథ కాదు, చరిత్ర. కానీ గమనించవలసినది, ఆదివాసీ పాత్రలను ఆదివాసీలే పాడాలని ఆమె ముందుగా గాయకులను వెతికి, శిక్షణ ఇచ్చి, అందుకోసం షార్ట్ బ్లాక్ ఒపెరా అనే సంస్థనే పెట్టారు. మీకు అంత శక్తి లేకపోవచ్చు. కనీసం ఒక్క గాయకుణ్నో గాయనినో కోయ గ్రామాల నుంచి పిలిపించగలరా, లేదా వాళ్ల గొంతు రికార్డు చేసి రూపకంలో ఒక భాగాన్ని పూర్తిగా ఆ గొంతుకే వదలగలరా అని ఆలోచించండి. అలా చేస్తే దాని మీద మీ వాద్యాలు వేయకండి. ఆ నాలుగు నిమిషాలూ మీ వాద్యబృందం చేతులు కట్టుకుని కూర్చోవాలి.

పైన చెప్పినట్టు పూజతో సంబంధం లేని గాథతోనే మొదలుపెడతాం అంటే నేను చెప్పే వరుస ఇది. మొదటి రెండు మూడు నెలలు సంగీతం ఊసెత్తవద్దు. కథ చెప్పేవారిని గుర్తించి, వారి భాషలో చెప్పించి, రికార్డు చేసి, పక్కనే కూర్చుని వాక్యం వాక్యానికీ తెలుగు రాసుకోండి. ఏ పాట ఎప్పుడు పాడతారు, ఎవరు పాడతారు, ఎప్పుడు పాడరు అన్నది ప్రతి పాటకూ విడిగా అడగండి. మొత్తానికి ఒకేసారి అడిగితే మర్యాదకు ‘పాడుకోండి’ అనేస్తారు. పారితోషికం మొదటి రోజే మాట్లాడండి. రచన పూర్తయ్యాక, బాణీ కట్టకముందు, వాళ్లకు చదివి వినిపించండి. బాణీలు అయ్యాక మళ్లీ వినిపించండి. ఈ రెండుసార్లలో దేనినైనా తీసేయమంటే తీసేస్తామని ముందే ఒప్పుకోండి. నలభై ఐదు నిమిషాలు మించనివ్వకండి. మొదటి ప్రయత్నంలో అంతకు మించి కథను పాటలో నిలపడం కష్టం. తెలుగులో కథ నడిపే సూత్రధారుడు ఒకరు ఉంటే మీ ప్రేక్షకులకు కోయ పాట అర్థం కాదన్న బెంగ తీరుతుంది. బుర్రకథలో వంతలు చేసే పనిని ఆయనకు అప్పగించండి: వినడం, అడ్డుపడి అడగడం, అప్పుడప్పుడు నవ్వించడం. తెర మీద తర్జుమా వేస్తే జనం పాడేవాళ్లను వదిలేసి తెరను చదువుతూ కూర్చుంటారు. నాకైతే అది నచ్చదు. సూత్రధారుడు ఉంటే దాని అవసరమే రాదు.

మీ దగ్గర పాడగలిగినవాళ్లు ఎందరున్నారు, వాళ్లలో శాస్త్రీయం నేర్చినవాళ్లు ఎవరు, ఏజెన్సీ ప్రాంతంలో మీకు తెలిసిన ఉపాధ్యాయులుగానీ కళాకారులుగానీ ఉన్నారా అన్నవి రాయండి. అవి తెలిస్తే ఏ ఘట్టాన్ని బృందగానానికి ఇవ్వాలో, ఏది ఒక్క గొంతుకు ఇవ్వాలో చెప్పగలను.